బ్రయన్ మే తొలినాళ్ల స్టేజి సౌండ్: వాక్స్ ఏసీ30, ట్రెబుల్ బూస్టర్, గిటార్ మీది వాల్యూమ్ నాబ్

మీరు అడిగినవి మూడు. రాక్ బ్యాండ్ క్వీన్ తొలి రోజుల్లో దాని గిటారిస్టు బ్రయన్ మే ఏ ఆంప్ (యాంప్లిఫయర్) వాడాడు? 30 వాట్లతో అంతంత హాళ్లు ఎలా నింపాడు? మీ డిస్టార్షన్ పెడల్‌లో (సౌండ్‌ను కావాలనే చించి గరుకు చేసే పెట్టె) గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, ఎంత పెంచినా గొంతెత్తి పాడినట్టుండే ఆ నాదం ఎందుకు రావడం లేదు? వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్‌లు బాగుచేయడం, బ్యాండ్‌లకు స్టేజి సౌండ్ చూడటం చాలా ఏళ్లుగా నా పని. నాకు తెలిసినంతలో ఈ మూడింటికీ మూలం ఒకటే. ఆయన సౌండ్‌లో డిస్టార్షన్ ఆంప్‌లోనే పుడుతుంది, దాని హెచ్చుతగ్గులన్నీ గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌తో నడుస్తాయి. మధ్యలో ఉన్న పెట్టె, ట్రెబుల్ బూస్టర్, పని ఆ రెండింటినీ కలపడమే. ఈ వరస అర్థమైతే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

ఈ వరస మే కనిపెట్టింది కాదు. ఆ మాట ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. అరవైల చివర లండన్‌లోని మార్కీ క్లబ్బులో టేస్ట్ అనే ముగ్గురు సభ్యుల బ్యాండ్ వాయించేది. అందులో గిటారిస్టు ఐర్లండ్ కుర్రాడు రోరీ గాలగర్. మే ఆ కచేరీలకు వెళ్లి, అయిపోయాక జనం వెళ్లేదాకా ఆగి, సామాను సర్దుకుంటున్న గాలగర్‌ని నేరుగా అడిగాడు: ఈ సౌండ్ ఎలా వస్తోంది? గాలగర్ ఏమీ దాచుకోలేదు. ఒక వాక్స్ ఏసీ30, దాని మీద పెట్టిన రేంజ్‌మాస్టర్ అనే చిన్న ట్రెబుల్ బూస్టర్, అంతే అన్నాడు. మే వెళ్లి రెండు పాత ఏసీ30లు కొన్నాడు, ఒక బూస్టర్ సంపాదించాడు, తన గిటార్ తగిలించాడు. సౌండ్ దొరికింది. అర్ధ శతాబ్దం దాటినా ఆ అమరికలో మూల సూత్రం మారలేదు. పైకి వస్తున్న ఒక సంగీతకారుడు తన కిటుకును ముక్కూముఖం తెలియని కుర్రాడికి అంత సులువుగా చెప్పేయడం నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఇక గిటార్. దాన్ని మే, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రి హెరాల్డ్ కలిసి 1963లో మొదలుపెట్టి, సుమారు రెండేళ్లపాటు ఇంట్లోనే తయారుచేశారు. మెడకు పాత ఇంటి పొయ్యిగూటి చెక్క వాడారన్న సంగతి అందరూ రాస్తారు. స్టేజి సౌండ్ కోసం మనం చూడాల్సింది అది కాదు. మొదటిది, లోపల ఖాళీ గదులు. పూర్తిగా గట్టి చెక్క గిటార్ కంటే ఇది ఆంప్ శబ్దానికి త్వరగా స్పందిస్తుంది. మోగుతున్న స్వరం ఆంప్ ముందు నిలబడితే ఆగకుండా సాగాలని తండ్రీకొడుకులు కోరి పెట్టుకున్న ఏర్పాటు అది. రెండోది, మూడు బర్న్స్ ట్రైసోనిక్ పికప్‌లు (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు). వాటిలో మే ఆరల్డైట్ జిగురు పోసి గట్టిపరిచాడు. పికప్ లోపలి తీగచుట్ట వదులుగా కదిలితే ఎక్కువ వాల్యూమ్‌లో ఈల వేసినట్టు కీచుమంటుంది. జిగురు ఆ కీచును ఆపి, తీగ తనంతట తాను మోగే మంచి ఫీడ్‌బ్యాక్‌ను మాత్రం ఉంచింది. మూడోది, అసలైనది, ఆ పికప్‌ల కనెక్షన్. మామూలు గిటార్లలో రెండు పికప్‌లు వేస్తే అవి పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలుస్తాయి. ఇక్కడ ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో కలుస్తాయి. దాంతో అవుట్‌పుట్ పెరుగుతుంది, మధ్య శ్రుతులు చిక్కబడతాయి. ఆయన ఎక్కువగా వాడేది బ్రిడ్జి పికప్, మధ్య పికప్ కలిపి. అంటే బూస్టర్‌కు చేరకముందే సిగ్నల్ బలంగా, ఒత్తుగా ఉంది. మీ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో ఒక్క బ్రిడ్జి పికప్‌తో ఇదే అమరిక పెడితే సన్నగా, చెవి కోసేలా వస్తుంది. తప్పు ఆంప్‌ది అనుకోకండి.

ట్రెబుల్ బూస్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పేరు చూసి అందరూ పొరబడేది ఇక్కడే. రేంజ్‌మాస్టర్‌లో ఉన్నది ఒకే ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్, ఓసీ44. ఒకే నాబ్. కాళ్ల దగ్గర ఉండే పెడల్ కూడా కాదు, ఆంప్ మీద పెట్టుకునే పెట్టె. దాని ప్రవేశద్వారంలో సుమారు 5 నానోఫారడ్ల చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది కింది శ్రుతులను లోపలికి పెద్దగా రానివ్వదు, పైకి వెళ్లేకొద్దీ దారి వదులుతుంది. కాబట్టి బేస్ దాదాపు ఎక్కడిదక్కడే ఉండి, మధ్య శ్రుతుల నుంచి పైదాకా ఆంప్‌ను గట్టిగా తోస్తాయి.

దీని ఫలితం వినడానికి తలకిందులుగా ఉంటుంది: ట్రెబుల్ పెంచితే సౌండ్ వెచ్చగా, మెత్తగా వస్తుంది. కారణం ఇది. గిటార్ సిగ్నల్‌లో పెద్ద అలలు మంద్ర స్వరాలవి. వాటిని అలాగే ఆంప్‌లోకి తోస్తే ముందు అవే వాల్వ్ హద్దు దాటి తెగిపోతాయి. వాటి మీద ఉన్న సన్నని స్వరాలు కూడా వాటితోపాటే ముక్కలవుతాయి. మనకు వినిపించేది బొర్రుమనే ముద్ద. బేస్‌ను ముందే తగ్గించి పంపితే తెగేది మధ్య, పై శ్రుతులు. అవి తెగినప్పుడు పుట్టే కొత్త ఓవర్‌టోన్లలో మరీ పైనున్నవాటిని 12 అంగుళాల గిటార్ స్పీకర్ ఎలాగూ పలకదు, సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని స్పందన గబగబా పడిపోతుంది. గరుకంతా అక్కడ రాలిపోగా మిగిలేదే ఆ గొంతులాంటి నాదం. మీ డిస్టార్షన్ పెడల్‌లో గెయిన్ పెంచితే ఇది రాకపోవడానికి కారణం కూడా ఇదే. పెడల్ తన సౌండ్‌ను తానే చించి, చిరిగినదాన్ని శుభ్రంగా ఉన్న ఆంప్‌కు అందిస్తోంది. అక్కడ ఆంప్ చేయడానికి పనేమీ మిగల్లేదు.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది. ఆ బూస్టర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు ఇచ్చే నిరోధం) తక్కువ. గిటార్ పికప్, వాల్యూమ్ నాబ్, బూస్టర్ మూడూ ఒకే సర్క్యూట్‌లా ప్రవర్తిస్తాయి. నాబ్‌ను 10 నుంచి 7కి తెస్తే సౌండ్ చిన్నదవడం కంటే ముందు శుభ్రపడుతుంది. ఇంకా తగ్గిస్తే గలగలమనే క్లీన్ వస్తుంది. సోలోకు నాబ్ పూర్తిగా, రిథమ్‌కు కాస్త తగ్గించి, మెల్లని చోట ఇంకా తగ్గించి. మే చేసింది ఇదే. పెడల్ తొక్కి ఛానెల్ మార్చలేదు, చేత్తో నాబ్ తిప్పాడు. గిటార్‌కూ బూస్టర్‌కూ మధ్య ట్యూనర్ పెడల్‌నో, బఫర్ (రెండు దశలను విడదీసే సర్క్యూట్) ఉన్న మరేదైనా పెడల్‌నో పెడితే ఈ బంధం తెగిపోతుంది. బూస్టర్ ఎప్పుడూ గిటార్ పక్కనే, మొదటిదిగా ఉండాలి.

ఆంప్‌కు వద్దాం. ఏసీ30ని ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో వాక్స్ ఆంప్‌లు చేసే జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ రూపొందించాడు, 1950ల ఆఖర్లో. అప్పటికే ఉన్న 15 వాట్ల ఏసీ15 గోలపెట్టే ప్రేక్షకుల ముందు సరిపోక, షాడోస్ లాంటి బ్యాండ్‌ల కోసం రెండింతల బలంతో చేశారు. వాళ్లకు కావలసింది మెరిసే శుభ్రమైన సౌండ్. దాన్ని హద్దు దాటించి వాడటం తరవాతి తరం చేసిన పని.

లోపల నాలుగు ఈఎల్84 పవర్ వాల్వ్‌లు, ముందు దశల్లో ఈసీసీ83లు, రెక్టిఫయర్‌గా (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) జీజెడ్34, బయట రెండు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు, వాటి నీలి రంగు వల్ల అందరూ బ్లూ అనే ఆల్నికో అయస్కాంతపు స్పీకర్లు. దీని డిజైన్‌లో రెండు విషయాలు మన ప్రశ్నకు ముఖ్యం. ఒకటి, ఇందులో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేదు. ఆ కాలపు ఫెండర్, మార్షల్ ఆంప్‌లలో అవుట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ను వెనక్కి తెచ్చి తప్పులు దిద్దే ఏర్పాటు ఉంటుంది. అది సౌండ్‌ను హద్దుదాకా శుభ్రంగా ఉంచి, హద్దు రాగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. ఏసీ30లో ఆ దిద్దుబాటు లేదు కాబట్టి శుభ్రం నుంచి చిరుగుదాకా అంచెలంచెలుగా వెళ్తుంది. గిటార్ నాబ్‌కు అన్ని మెట్లు దొరికేది అందుకే. రెండోది, నాలుగు పవర్ వాల్వ్‌లకూ కలిపి క్యాథోడ్ దగ్గర ఒకే రెసిస్టర్ బయాస్ (వాల్వ్ పనిచేసే స్థితిని నిర్ణయించే వోల్టేజ్). తీగను గట్టిగా మీటితే బయాస్ కాస్త జరిగి సౌండ్ నొక్కుకుంటుంది, స్వరం సన్నగిల్లుతున్నకొద్దీ మళ్లీ లేస్తుంది. స్వరం చావకుండా సాగడానికి ఇదొక కారణం.

మే వాడింది నార్మల్ ఛానెల్, వాల్యూమ్ పూర్తిగా తిప్పి. ఏసీ30 అంటే టాప్ బూస్ట్ ఛానెల్ అని చాలామంది దాంట్లోకే గుచ్చుతారు. అందులో బేస్, ట్రెబుల్ నాబ్‌లున్న టోన్ సర్క్యూట్ ఉంది, అది తన వంతుగా సిగ్నల్‌ను తినేసి మధ్య శ్రుతులను కొంత తవ్వేస్తుంది. నార్మల్ ఛానెల్‌లో ఆ సర్క్యూట్ లేదు. స్వరాన్ని దిద్దే పని బూస్టర్ ముందే చేసేసింది కాబట్టి ఆంప్ అడ్డం పడకుండా ఉండటమే మేలు. బూస్టర్ లేకుండా నార్మల్ ఛానెల్ పెడితే మాత్రం దుప్పటి కప్పినట్టుంటుంది. రెండూ కలిస్తేనే ఒక ఆంప్.

30 వాట్ల సంగతి. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్లే. 30 వాట్లకూ 100 వాట్లకూ తేడా సుమారు 5 డెసిబెల్లు. చెవికి రెండింతలు బిగ్గరగా తోచాలంటే దాదాపు 10 డెసిబెల్లు, అంటే పదింతల వాట్లు కావాలి. పైగా బ్లూ స్పీకర్లు చాలా సున్నితమైనవి, ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 100 డెసిబెల్ల దరిదాపుల్లో పలుకుతాయి. 30 వాట్లు అనేది శుభ్రంగా వచ్చే లెక్క, పూర్తిగా చిరిగినప్పుడు అదే ఆంప్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది. చిన్న గదిలో ఫుల్ వాల్యూమ్‌లో ఉన్న ఏసీ30 ముందు ఒక్క నిమిషం నిలబడితే ఇక వాట్ల గురించి ఎవరూ అడగరు. హాలు చివరిదాకా చేర్చే పని కొంత మైకులది, పీఏ సిస్టమ్‌ది, అంటే హాలు స్పీకర్లది. 1974లో క్వీన్ వాయించిన లండన్ రెయిన్‌బో థియేటర్ సుమారు 3,000 మంది పట్టే హాలు. అక్కడ స్టేజి మీది ఆంప్‌లకు ఉన్న అసలు బాధ్యత గిటార్‌తో మాట్లాడటం, అంటే తీగ ఫీడ్‌బ్యాక్‌లోకి జారేంత గాలిని కదిలించడం.

మరి ఆంప్‌లు అన్నెందుకు? తరవాతి ఏళ్ల ఫొటోల్లో తొమ్మిది ఏసీ30లు మూడు వరసల్లో పేర్చి కనిపిస్తాయి. అవన్నీ ఒకేసారి మోగాయని, గోల కోసమని అనుకుంటారు. అందులో స్పేర్లూ ఉంటాయి. అసలు కారణం గోల కంటే చాలా అందమైనది, నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

రెండు స్వరాలు ఒకే ఆంప్‌లో పడి చిరిగితే, ఆ రెండే కాదు, వాటి పౌనఃపున్యాల కూడికలు, తీసివేతలు కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జమం, పంచమం కలిపి వాయిస్తే వాటి నిష్పత్తి 2:3. తీసివేతలో వచ్చేది కింది షడ్జమమే, కాబట్టి బలంగా, నిండుగా ఉంటుంది. ఈ జంటనే పవర్ కార్డ్ అంటారు, రాక్ గిటార్‌లో అది అంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే. అదే షడ్జమం, అంతర గాంధారం కలిపితే? గిటార్ మెట్ల మీది గాంధారం శుద్ధమైన 4:5 నిష్పత్తి కంటే 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువ. శుభ్రమైన సౌండ్‌లో చెవి దాన్ని క్షమిస్తుంది. డిస్టార్షన్‌లో తీసివేతగా పుట్టే స్వరం శ్రుతి తప్పి, గరగరలాడుతుంది. అందుకే గెయిన్ ఎక్కువున్నప్పుడు పూర్తి మేజర్ కార్డ్ (స-గ-ప) ముద్దైపోతుంది. బ్రయన్ మేకి కావలసిందేమో మూడు గిటార్లు మూడు స్వరాలు హాయిగా కలిసి పాడటం. స్టూడియోలో అది సులువు, ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డు చేసి పేర్చవచ్చు. స్టేజి మీద ఒక్కడు ఏం చేయాలి?

ఆయన చేసింది ఇది. ఎకోప్లెక్స్ అనే టేప్ ఎకో యంత్రాలు రెండు తీసుకున్నాడు. వాటిలో టేపు హెడ్‌ను జరిపి ఎకో ఆలస్యాన్ని మార్చే పట్టీ ఉంటుంది. ఆ పొడవు ఆయనకు చాలలేదు, పట్టీని పొడిగించి ఆలస్యాన్ని పెంచాడు. ఇక నేరుగా వచ్చే గిటార్ ఒక ఏసీ30కి, మొదటి ఎకో రెండో ఏసీ30కి, ఇంకా ఆలస్యంగా వచ్చే రెండో ఎకో మూడో ఏసీ30కి. ఏ ఆంప్‌లోనూ ఇంకో స్వరం కలవదు. ప్రతి ఆంప్ ఒక్క గొంతునే చించుతుంది, మూడు గొంతులూ గాలిలో కలుస్తాయి. గాలిలో కలిసినప్పుడు ఆ దొంగ స్వరాలు పుట్టవు. ఒక పదబంధం వాయించి, అది రెండో ఆంప్‌లోంచి తిరిగి వస్తుండగా దాని మీద మూడో స్థానపు స్వరం వాయిస్తే జంట పలుకుతుంది, మూడో ఆంప్ కూడా అందుకుంటే త్రయం. సన్ అండ్ డాటర్ పాట మధ్యలో స్టేజి మీద పెంచిన ఈ సోలోనే, 1974 నవంబరులో వచ్చిన ఆల్బమ్‌లో బ్రైటన్ రాక్‌గా రికార్డయింది. ఆంప్‌ల వరస పేర్చిన గిటారిస్టులు ఆ కాలంలో చాలామంది. ఒక్కో ఆంప్‌కు ఒక్కో గొంతు ఇచ్చి వాటితో తనే కచేరీ చేసుకున్నవాళ్లు నాకు తెలిసి బహు అరుదు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా డీకీ ఆంప్ పేరు కూడా వస్తుంది. బాసిస్టు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. చెత్తలో పడేసిన ఒక చిన్న ట్రాన్సిస్టర్ బోర్డును తెచ్చి, స్పీకర్ పెట్టెలో అమర్చి, బ్యాటరీతో నడిచేలా చేశాడు. వాల్యూమ్ నాబ్ కూడా లేదు. రికార్డుల్లో వయొలిన్లు, బాకాల్లా వినిపించే గిటార్ వరసలు చాలావరకు దాంతో చేసినవే. స్టేజి సౌండ్‌లో దానికి పాత్ర లేదు, కాబట్టి కచేరీ సౌండ్ కోసం దాని నకళ్ల మీద డబ్బు పెట్టకండి. పిక్ బదులు వాడే సిక్స్‌పెన్స్ నాణెం మాత్రం నిజంగా వినిపిస్తుంది. అంచు గీతలు తీగను గీరినప్పుడు ప్రతి స్వరం మొదట్లో చిన్న హల్లులాంటిది పలుకుతుంది. బూస్టర్ దాన్ని ఇంకా పైకి తెస్తుంది.

ఇక మీకు. అపార్ట్‌మెంట్‌లో ఫుల్ వాల్యూమ్‌లో ఏసీ30 వాయించడం కుదరదు. ఒక్క ఈఎల్84 ఉన్న 5 వాట్ల లోపు వాల్వ్ ఆంప్ తీసుకుని, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టండి. అది కూడా చిన్నదేమీ కాదు, తలుపులు వేసుకోండి. ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ పెడితే ఇంకా దించవచ్చు. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ ఆంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మోడలింగ్ యూనిట్ (ఆంప్‌లను డిజిటల్‌గా అనుకరించే యంత్రం) ఇప్పటికే ఉంటే ఏసీ30 నార్మల్ ఛానెల్ పెట్టి, గెయిన్ అంతా ఆంప్ మోడల్ వైపే ఉంచి, ముందు బూస్టర్ వేసి, గిటార్ నాబ్‌తోనే ఒక వారం వాయించండి. డిస్టార్షన్ పెడల్ డ్రాయర్లో ఉండనివ్వండి.

బూస్టర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కు వేడి పడదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ దానిలోంచి కారే కరెంటు పెరిగి బయాస్ జారిపోతుంది, సౌండ్ బలహీనపడి చిటపటలాడుతుంది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో సరిపోయిన పెట్టె మే నెలలో విజయవాడలో బహిరంగ వేదిక మీద, లైట్ల కింద అలాగే నిలుస్తుందని నమ్మకండి. మన వాతావరణంలో బయట వాయించేవాళ్లకు సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో చేసిన ట్రెబుల్ బూస్టరే నేను చెప్తాను. జెర్మేనియమే కావాలంటే బయాస్ సర్దుకునే ట్రిమ్మర్ ఉన్నది చూడండి. రేంజ్‌మాస్టర్ నమూనా సర్క్యూట్లు చాలావరకు పాజిటివ్ గ్రౌండ్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు గ్రౌండ్ అయినవి. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ తీగకు గొలుసుగా తగిలిస్తే షార్ట్ అవుతుంది. వాటికి విడిగా బ్యాటరీ పెట్టండి.

పాత ఏసీ30 దొరికితే మాత్రం ఇంటికి తెచ్చి ప్లగ్ పెట్టకండి. ముందు వోల్టేజ్ సెలెక్టర్ ఎక్కడుందో, మూడు పిన్నుల ఎర్తింగ్ ఉందో లేదో తెలిసినవాళ్ల చేత చూపించండి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీస్తుంది. వెనక పలక తీసి లోపల చెయ్యి పెట్టవద్దు. పైన గాలి పోయే జాలీల మీద ఏమీ పెట్టకండి, ఆ నాలుగు వాల్వ్‌లూ చిన్న పెట్టెలో విపరీతంగా వేడెక్కుతాయి.

ఆ గొంతుల ప్రయోగం చేయాలనిపిస్తే, రెండు గొంతులతో మొదలుపెట్టడానికి రెండు చిన్న ఆంప్‌లు చాలు. డిలేను (ఎకో ఇచ్చే పెడల్) 800 మిల్లీసెకన్లకు పెట్టి, ఒక్కసారే తిరిగి వచ్చేలా దాని ఫీడ్‌బ్యాక్ నాబ్ తగ్గించి, ఎకో మాత్రమే రెండో ఆంప్‌కు పంపండి. నిమిషానికి 75 బీట్ల టెంపోలో అది సరిగ్గా ఒక బీట్. ముందు బీట్‌కు రెండు స్వరాల చొప్పున స-రి-గ వాయించి, తిరిగి వస్తున్న స మీద గ పడేలా చూసుకోండి. ఆ తరవాత అదే రెండు సిగ్నళ్లనూ ఒకే ఆంప్‌లో కలిపి వినండి. తేడా మొదటి బీట్‌కే తెలుస్తుంది.